కాకతీయుల చెరువు దగ్గర ఒక రాత్రి: గుడారానికి జాగా చూసుకోవడం నుంచి తెల్లారి సర్దుకునేదాకా

చెరువు ఒడ్డున రాత్రి గడపాలని వెళ్లేవాళ్లలో చాలామంది గుడారాన్ని నీళ్లకు ఆనించి వేస్తారు. ఫొటోకు అది బాగుంటుంది, నిద్రకు మాత్రం అంతకంటే చెడ్డ జాగా ఉండదు. రాత్రి గాలి చల్లబడి బరువెక్కి పల్లానికి జారుతుంది. చుట్టుపక్కల అన్నిటికంటే పల్లంగా ఉండేది చెరువు అంచే కాబట్టి చలి, మంచు అక్కడే పేరుకుంటాయి. దోమలూ అక్కడే. చీకటి పడ్డాక నీళ్లకు దిగే అడవి పంది, దుప్పి, ఎలుగుబంటి నడిచే దారీ అదే. అందుకే ఈ మార్గదర్శిలో మొదటి నియమం ఇది: నీళ్లు కనబడాలి, కానీ నీటి అంచుకూ గుడారానికీ మధ్య కనీసం నూరు అంగల దూరం ఉండాలి. నిలబడి చూస్తే చెరువు మీకంటే స్పష్టంగా కిందికి ఉండాలి. నాలుగైదు మీటర్ల ఎత్తు కూడా తెల్లవారుజామున చలిలో తేడా చూపిస్తుంది.

మిగతా పనులన్నీ ఈ ఒక్కదాని చుట్టూ తిరుగుతాయి.

ముందు చెరువును అర్థం చేసుకోండి

వరంగల్ చుట్టుపక్కలి పాకాల, లక్నవరం, రామప్ప, గణపురం చెరువులు సహజంగా ఏర్పడినవి కావు. గుట్టల మధ్య వాగుకు అడ్డంగా మట్టికట్ట పోసి కాకతీయుల కాలంలో కట్టినవి. పాకాల చెరువును గణపతిదేవుని కాలంలో 1213 ప్రాంతంలో కట్టారని చెబుతారు. పాలంపేటలోని రామప్ప గుడి శాసనమూ అదే ఏటిది. 2021లో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తింపు పొందింది ఈ గుడే. ఈ చరిత్ర గుడారం వేసేవాళ్లకు ఎందుకంటే, కట్టిన చెరువుకు ఒక ఒడ్డు మరో ఒడ్డులా ఉండదు. కట్ట వైపు నీళ్లు అడుగు పెట్టగానే లోతు. దానికి ఎదురుగా, వాగులు వచ్చి కలిసే వైపు నేల నెమ్మదిగా వాలుతుంది. నీళ్లు తగ్గినప్పుడు అక్కడ బయటపడే భూమే శిఖం.

శిఖంలో గుడారం వేయాలనిపిస్తుంది. చదునుగా, పచ్చగా, విశాలంగా ఉంటుంది మరి. వేయకండి. పైన ఆరినట్టు కనిపించినా నాలుగు అంగుళాల కింద ఒండ్రు మెత్తగానే ఉంటుంది. మేకు నిలబడదు, బండి చక్రం దిగబడుతుంది, నేల తేమ రాత్రంతా పైకి ఎక్కుతుంది. వానాకాలం చివర్లో పైన గుట్టల మీద వాన పడితే మీ దగ్గర చినుకు లేకపోయినా నీటి అంచు తెల్లారేసరికి ముందుకు జరిగి ఉండొచ్చు. నిండు చెరువు నీళ్లు ఎంతదాకా వస్తాయో తెలుసుకోవడం తేలిక: ఎండిన తుక్కు, పుల్లలు, నాచు వరుసగా పేరుకున్న గీత కనిపిస్తుంది. ఆ గీతకు పైన, ముదురు చెట్లు మొదలయ్యే చోట మాత్రమే జాగా వెతకండి.

కట్ట మీద గుడారం అసలు వద్దు. మట్టికట్టలో మేకులు దించడం, గుంటలు తవ్వడం చెరువుకే చేటు. తూము (పొలాలకు నీళ్లు వదిలే దారి) దగ్గర, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు) దిగువన కూడా వద్దు. యాసంగి పంటకు నీళ్లు వదిలినప్పుడు తూము ముందు లాగుడు పైకి కనిపించదు. మత్తడి పడే రాళ్లు పాచితో జారుతాయి.

ఏ చెరువు, ఏ నెల

మొదటిసారి వెళ్లేవాళ్లకు లక్నవరం మంచిది. హనుమకొండ నుంచి ములుగు మీదుగా 163వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లి, గోవిందరావుపేట మండలంలో బుస్సాపూర్ దగ్గర లోపలికి తిరగాలి. మొత్తం ప్రయాణం సుమారు 75 కిలోమీటర్లు. నీళ్ల మధ్య దీవులు, వేలాడే వంతెన, పర్యాటక శాఖ బస అన్నీ ఉన్నాయి. శని, ఆదివారాల్లో పాటలు, జనం కూడా ఉంటారు. నిశ్శబ్దం కావాలంటే సోమవారం నుంచి గురువారం లోపు వెళ్లండి. అదే రోడ్డు మీద ఇంకా ముందుకు పోతే తాడ్వాయి. అక్కడ ఏటూరునాగారం అభయారణ్యంలో అటవీశాఖ కుటీరాలు ఉన్నాయి. చెరువు ఎదురుగా ఉండకపోయినా అడవి రాత్రి అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. పాకాల నర్సంపేట దాటాక పది, పన్నెండు కిలోమీటర్లు. ఈ చెరువుల్లో అడవి చిక్కగా చెరువును చుట్టుకుని ఉండేది ఇదే. ఇది కూడా అభయారణ్యమే కనుక రాత్రి ఉండాలంటే అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే. పాకాల నీళ్లలో మొసళ్లు ఉన్నాయి. అక్కడ నీటి అంచున కూర్చుని గిన్నెలు తోమడం, కాళ్లు కడుక్కోవడం వద్దు.

నెలల సంగతి. నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి మొదటి పదిహేను రోజుల దాకా మంచి కాలం. అక్టోబరులో చెరువు నిండుగా, చూడముచ్చటగా ఉంటుంది, కానీ నేల ఆరదు, దోమలు ఎక్కువ, బంగాళాఖాతంలో వాయుగుండం పడితే రెండు రోజులు ముసురు పట్టేస్తుంది. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున 10, 12 డిగ్రీలకు దిగడం మామూలే. కొన్ని రాత్రులు ఇంకా కిందికి పోతుంది. ఫిబ్రవరి దాటితే టేకు, మద్ది, తునికి ఆకు రాల్చేసి అడవి నేలంతా ఎండుటాకు పరుచుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూవు రాలుతుంది, దాని కోసం ఎలుగుబంట్లు తెల్లవారకముందే చెట్ల కిందికి వస్తాయి. ఊళ్లవాళ్లు కూడా అదే వేళకు పూవు ఏరడానికి వెళతారు. ఆ రెండు నెలలు అడవిని వాళ్లకు వదిలేయడం మంచిది.

ఇంకొకటి. మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది. జాతర జరిగే ఏడాది అయితే అంతకు కొన్ని వారాల ముందు నుంచే ఈ రోడ్డంతా బండ్లతో నిండిపోతుంది. జాతరకు వెళ్లాలనుకుంటే జాతరకే వెళ్లండి. చెరువు దగ్గర రాత్రికి మరో నెల చూసుకోండి.

అనుమతి, ఫోనులో అడగాల్సినవి

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం, ఆయుధం తీసుకుపోవడం, అడవికి ముప్పు వచ్చేలా నిప్పు రాజేయడం నేరాలు. "ఎవరూ చూడరులే" అని అడ్డదారిలో వెళ్లి చెరువు వెనకవైపు గుడారం వేసేవాళ్లు ఉన్నారు. చట్టం మాట పక్కన పెట్టినా, మీరు అక్కడ ఉన్నారని ఎవరికీ తెలియకపోతే రాత్రి రెండింటికి పాము కరిస్తే వెతుక్కుంటూ వచ్చేవాళ్లే ఉండరు. అనుమతి తీసుకోవడంలో అసలు లాభం ఇదే.

బస ఖాయం చేసుకునేటప్పుడు ఈ ప్రశ్నలు తప్పకుండా అడగండి: సొంత గుడారం వేసుకోనిస్తారా, లేక వాళ్ల గుడారంలోనే ఉండాలా? మరుగుదొడ్డి గుడారాల దగ్గర నుంచి ఎంత దూరం, రాత్రి అక్కడ దీపం ఉంటుందా? తాగునీళ్లు ఇస్తారా? వంటకు, చలిమంటకు వేరే చోటు చూపిస్తారా? గేటు ఎన్నింటికి మూస్తారు? రాత్రి కాపలా ఉంటారా? చివరి రెండు ప్రశ్నలకు జవాబు తడబడితే మరో చోటు చూసుకోండి.

ఏమి తీసుకుపోవాలి

నలుగురు మనుషులు, ఒక రాత్రి అనుకుని లెక్క చెబుతున్నాం.

గుడారం మీద "నలుగురికి" అని రాసి ఉంటే అందులో ముగ్గురు, ఒక సంచి పడతాయని అర్థం. నలుగురైతే రెండు చిన్న గుడారాలు మేలు. పైన రెండో పొర (రెయిన్‌ఫ్లై) నేలదాకా వచ్చేది, అడుగు బట్ట గోడలకు కలిపి కుట్టినది, జిప్పు రెండు వైపుల నుంచీ తెరుచుకునేది తీసుకోండి. అడుగు బట్ట కలిపి ఉండడం ఎందుకంత ముఖ్యమో పాముల దగ్గర చెబుతాం.

గుడారంతో వచ్చే సన్నటి అల్యూమినియం మేకులు ఇక్కడి మొరం నేలలో మూడు దెబ్బలకు వంగిపోతాయి. కమ్మరి దగ్గర ఎనిమిది మిల్లీమీటర్ల ఇనుప సలాకను తొమ్మిది అంగుళాల ముక్కలు కోయించి, ఒక కొన కూచిగా, మరో కొన కొక్కెంలా వంచి ఇమ్మంటే చేసిస్తారు. పన్నెండు చాలు. వెంట కిలో సుత్తి, పదిహేను మీటర్ల నైలాన్ తాడు.

పడక విషయంలో జనం తప్పు లెక్క వేస్తారు. మీద కప్పుకునేదానికి డబ్బు పెట్టి కింద పరుచుకునేదాన్ని వదిలేస్తారు. చలి ఎక్కువగా నేల నుంచి వస్తుంది, మన బరువుకు నలిగిన దుప్పటి కింది చలిని ఆపదు. పరుపు వరుస ఇలా ఉండాలి: గుడారం కింద టార్పాలిన్, లోపల పది మిల్లీమీటర్ల ఫోమ్ చాప, దాని మీద గొంగడి, దాని మీద మీరు. గొర్రె ఉన్నితో నేసిన గొంగడి కొంచెం చెమ్మగిల్లినా వెచ్చదనం పోగొట్టుకోదు. కురుమ, గొల్ల కాపరులు వానలో, చలిలో దాన్నే నమ్ముకున్నది అందుకే. వరంగల్ కొత్తవాడ జంపఖానా కూడా తెచ్చుకోవచ్చు, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన నేత అది. కానీ అది నూలు. నేల మీద నేరుగా పరిస్తే తేమ పీల్చేసి తెల్లారేసరికి బరువెక్కుతుంది. ఫోమ్ చాప మీదే పరవండి, లేదా సాయంత్రం బయట కూర్చోవడానికి వాడండి. ఉన్ని టోపీ, పొడి సాక్సులు ఒక జత పడుకునేటప్పుడు మాత్రమే వేసుకునేందుకు విడిగా ఉంచుకోండి. పగలు చెమట పట్టిన సాక్సులతో పడుకుంటే కాళ్లు రాత్రంతా వేడెక్కవు.

నీళ్లు: తాగడానికి మనిషికి మూడు లీటర్లు, వంటకు ఆరు, చేతులకూ గిన్నెలకూ పదిహేను, పైన మరికొంత. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు అయితే సరిపోతుంది. చెరువు నీళ్లు ఎంత తేటగా ఉన్నా తాగకండి. తప్పనిసరైతే నాలుగు మడతల బట్టలో వడగట్టి, తెర్లు వచ్చాక ఇంకో మూడు నిమిషాలు మరిగించాలి.

ఇవి కాక, తలకు కట్టుకునే దీపం మనిషికొకటి, విడిగా బ్యాటరీలు, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలు, చిన్న గడ్డపార లేదా తవ్వుకోల, పాత దినపత్రికలు, చెత్తకు మందపాటి సంచులు రెండు, విజిల్ ఒకటి. మందుల డబ్బాలో దూది, కట్టుగుడ్డ, ఓఆర్ఎస్ పొట్లాలు, జ్వరం మాత్రలు, వెడల్పాటి అతుకు టేపు. ఆ టేపు ఎందుకో కింద తెలుస్తుంది.

మధ్యాహ్నం మూడుకల్లా చేరాలి

డిసెంబరులో సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. చెట్ల కింద అయిదున్నరకే మసక. మూడింటికి చేరితే జాగా చూడడానికి అరగంట, గుడారానికి ముప్పావు గంట, వెలుగులోనే వంట పూర్తి చేసే వీలు ఉంటాయి. ఆరింటికి చేరినవాళ్లు దొరికిన చోట గుడారం దించి రాత్రంతా దాని ఫలితం అనుభవిస్తారు. పైగా ములుగు దాటాక చీకట్లో అడవి రోడ్డు మీద పశువులు, దుప్పులు అడ్డం వస్తాయి.

జాగా చూసేటప్పుడు మొదట తల పైకెత్తండి. ఎండుకొమ్మ వేలాడుతున్న చెట్టు, ఒరిగిన చెట్టు, తాటిచెట్టు కింద వద్దు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి-మేడారం అడవిలో వచ్చిన పెనుగాలికి వేలాది చెట్లు కొన్ని గంటల్లోనే వేళ్లతో సహా కూలిపోయాయి. అలాంటి గాలి అరుదే, ఒక ఎండుకొమ్మ విరిగి పడడం అరుదు కాదు. తేనెపట్టు ఉందేమో కూడా చూడండి. పెద్ద తేనెటీగలు ఎత్తయిన చెట్లకు పట్టు పెడతాయి. కింద పొగ లేస్తే గుంపుగా దిగుతాయి. ఇక తల దించి చూడండి: పుట్ట, నేలలో బొరియలు, రాళ్ల కుప్ప, ఎండిన వాగు పాయ, పశువుల కాలిబాట, గిట్టల గుర్తులు. వీటిలో ఏది కనిపించినా ఇరవై అంగలు పక్కకు జరగండి.

పొదల్లో గోధుమరంగు నూగుతో వంకీ తిరిగిన కాయలు వేలాడుతుంటే అది దూలగొండి. చలికాలంలోనే కాయ ఎండుతుంది, గాలికి నూగు ఎగిరి మెడ మీద పడితే మంటా దురదా ఆగవు. గోకితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది, నీళ్లు పోసి రుద్దితే పాకుతుంది. అతుకు టేపును చర్మం మీద అద్ది లాగుతూ నూగు తీసేయాలి, ఆ తర్వాతే కడగాలి. ఆ బట్టలు విడిగా సంచిలో కట్టేయండి.

గుడారం వేయడం

రాళ్లు, పుల్లలు చేత్తో కాకుండా చెప్పుకాలితోనో కర్రతోనో పక్కకు జరపండి. ఎండాకు కింద తేళ్లు ఉంటాయి. నేల ఏ వైపు వాలిందో చూసి, పడుకుంటే తల ఎత్తు వైపు వచ్చేలా గుడారం దిశ పెట్టుకోండి. చలికాలం గాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పు నుంచి వీస్తుంది కనుక ద్వారం ఆ వైపుకు ఉండకూడదు. చెరువు కనబడాలని ద్వారం నీళ్లకు ఎదురుగా పెట్టాలనిపిస్తుంది. గాలి నీళ్ల మీదుగా వస్తుంటే ఆ కోరిక వదులుకోండి.

టార్పాలిన్‌ను గుడారం అడుగు కంటే ప్రతి వైపూ రెండు అంగుళాలు చిన్నగా మడవాలి. బయటికి పొడుచుకొస్తే మంచు నీళ్లు, వాన నీళ్లు దాని మీద పడి నేరుగా మీ కిందికి పారతాయి. కొత్తవాళ్ల గుడారంలోకి నీళ్లు రావడానికి ఎక్కువసార్లు కారణం ఇదే, గుడారం లోపం కాదు.

దాని మీద గుడారం పరిచి, గాలి వచ్చే వైపు రెండు మూలలు ముందు మేకులతో బిగించండి. తర్వాత ఎదుటి మూలలు లాగి బిగించి, అప్పుడు కడ్డీలు ఎక్కించండి. కడ్డీని లాగొద్దు, తొయ్యాలి. లాగితే మధ్యలో అతుకు ఊడుతుంది. మేకు తల గుడారానికి దూరంగా వాలేట్టు, నేలకు సుమారు నలభై అయిదు డిగ్రీల్లో దించాలి. నిటారుగా దించిన మేకు తాడు లాగగానే ఊడి వస్తుంది. దుబ్బనేలలో మేకు పట్టకపోతే చిన్న సంచిలో మట్టి నింపి, తాడు కట్టి, అడుగు లోతు గుంటలో పూడ్చి తొక్కండి. దాన్ని గాలి కదపలేదు. గుడారానికీ పై పొరకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండేలా తాళ్లు బిగించండి.

చలి అని గాలి కిటికీలన్నీ మూసేస్తే ఏమవుతుంది? ఇద్దరి ఊపిరి తేమే రాత్రంతా పై బట్టకు పట్టి, తెల్లవారుజామున చినుకుల్లా మీ మీద పడుతుంది. పైన ఒక కిటికీ, కింద ఒక మూల కొంచెం తెరిచి పెట్టండి, దోమతెర మాత్రం మూసే ఉండాలి.

నిప్పు, వంట

చలిమంట కావాలని అందరికీ ఉంటుంది. నిర్వాహకులు చూపించిన గుంటలో తప్ప ఎక్కడా వేయకండి. గుంట చుట్టూ ఆరు అడుగుల మేర ఎండాకు ఊడ్చేయాలి, పక్కన బిందెడు నీళ్లు ముందే ఉండాలి. వాగులోంచి తెచ్చిన తడిరాళ్లు చుట్టూ పెడితే లోపలి నీరు ఆవిరై పగులుతాయి. వెదురు కణుపులు కూడా ఫట్‌మని పేలి నిప్పులు చిమ్ముతాయి. పడుకునే ముందు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చేతి వెనకవైపు దగ్గర పెట్టి చూడాలి. వెచ్చగా తగిలితే ఇంకా ఆరలేదన్నట్టే. మట్టి కప్పి వదిలేయకండి. కింద నిప్పు గంటల తరబడి కనకనలాడుతూ వేళ్లను పట్టుకుంటుంది.

వంటకు చిన్న గ్యాసు పొయ్యి చాలు. 230 గ్రాముల గ్యాసు డబ్బా పూర్తి మంట మీద గంటకు పైగా వస్తుంది. నలుగురికి రాత్రి భోజనం, పొద్దున చాయ్ కలిపి రెండు డబ్బాలు, చేతిలో ఇంకొకటి. గాలి అడ్డానికి రేకు పెట్టేటప్పుడు పొయ్యి చుట్టూ మొత్తం మూయకండి, గ్యాసు డబ్బా వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. గాలి వచ్చే వైపు ఒక్కటే అడ్డం పెట్టాలి. గుడారం లోపల పొయ్యి గానీ, బొగ్గుల కుంపటి గానీ వద్దే వద్దు. మూసిన గుడారంలో పుట్టే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అడవిలో వంట ఎంత తగ్గిస్తే అంత మంచిది. సర్వపిండి, జొన్నరొట్టెలు ఇంటి దగ్గరే చేసుకుపోతే ఒక రోజు బాగుంటాయి. సకినాలు ఎన్ని రోజులైనా ఉంటాయి. సాయంత్రం తినడానికి మక్క గుడాలు ఉడికించి ఉప్పూ కారం కలిపి తెచ్చుకోండి. రాత్రికి బగారా అన్నం, పచ్చిపులుసు చాలు. బగారాకు ముప్పావు కిలో బియ్యం, అంటే సుమారు నాలుగు గ్లాసులు. షాజీరా, లవంగం, యాలకులు, చెక్క, ఆకు ఇంట్లోనే ఒక పొట్లం కట్టుకోవాలి. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి కోసి డబ్బాలో, పుదీనా, కొత్తిమీర విడిగా. బియ్యం అరగంట నానబెట్టి ఏడు గ్లాసుల నీళ్లు పోయండి. ఆరుబయట గాలికి గంజు పైభాగం చల్లబడి కింద మాడి పైన బిరుసుగా మిగులుతుంది. నీళ్లు ఇంకుతుండగానే మంట తగ్గించి, గంజు కింద పెనం పెట్టి, మూత మీద బరువు ఉంచి పదిహేను నిమిషాలు కదపకుండా వదిలేయండి. పచ్చిపులుసుకు నిప్పే అక్కర్లేదు: నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికిన రసంలో ముప్పావు లీటరు నీళ్లు, సన్నగా తరిగిన రెండు ఉల్లిగడ్డలు, నాలుగు మిరపకాయలు, ఉప్పు, జీలకర్ర పొడి, చిటికెడు బెల్లం. ఉల్లిగడ్డను ఉప్పుతో చేత్తో బాగా పిసికాకే పులుసు పోయాలి, రుచంతా అందులోనే ఉంది.

తిన్నాక గిన్నెలను ముందు పత్రికా కాగితంతో తుడిచి, టబ్బులో కడిగి, ఆ నీళ్లను చెరువుకు దూరంగా నేల మీద చల్లేయండి. చెరువులో సబ్బు వద్దు, కుంకుడుకాయ కూడా వద్దు. దాని నురగ చేపలకు విషం. మిగిలిన తిండి, బెల్లం, పళ్లు, పళ్లపొడి కూడా స్టీలు డబ్బాలో పెట్టి కారులో మూసేయండి. గుడారంలో తిండి వాసన ఉంటే రాత్రి పందికొక్కులు, తెల్లారి కోతులు, కొండముచ్చులు వస్తాయి. కోతి జిప్పు తీయదు, బట్ట చింపుతుంది.

రాత్రి

ఎనిమిది దాటాక చప్పుళ్లు మారతాయి. నీళ్లలో చేప ఎగిరిపడడం, గుడ్లగూబ, దూరంగా నక్కల ఊళ. దుప్పి ఒక్కసారిగా తీక్షణంగా అరిచి, అదే అరుపు మళ్లీ మళ్లీ వస్తుంటే అది దేన్నో చూసి భయపడిందని. అప్పుడు బయటికి పోకుండా గుడారం దగ్గరే ఉండండి. స్పీకరులో పాటలు పెడితే వీటిలో ఒక్కటీ వినబడదు, ఇంత దూరం వచ్చింది ఎందుకన్న ప్రశ్న మిగులుతుంది.

మరుగుదొడ్డికి వెళ్లాలంటే ఇద్దరుగా, నేల మీద వెలుగు వేస్తూ, అడుగు గట్టిగా వేస్తూ, మాట్లాడుకుంటూ వెళ్లండి. ఎలుగుబంటి మనిషిని వెతుక్కుంటూ రాదు, ఎదురుగా ఉలిక్కిపడితే మీద పడుతుంది. చప్పుడు వింటే చాలావరకు అదే తప్పుకుంటుంది. ఎదురైతే పరుగెత్తకండి, వెనక్కి తిరగకుండా నెమ్మదిగా అడుగులు వెనక్కి వేయండి. మరుగుదొడ్డి లేని చోట నీటికి నూరు అంగల దూరంలో ఎనిమిది అంగుళాల గుంట తవ్వి, పని అయ్యాక పూడ్చాలి.

ఇక పాము. అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కట్లపాముతో. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి చేరుతుంది. కరిస్తే చాలాసార్లు నొప్పి ఉండదు, గాటు కూడా కనిపించదు. గంటల తర్వాత కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతాయి. అందుకే అడుగు బట్ట కలిపి కుట్టిన గుడారం, ఎప్పుడూ మూసి ఉండే జిప్పు అన్నాం. చెప్పులు, బూట్లు లోపలే పెట్టుకోండి, పొద్దున దులిపి తొడుక్కోండి. రాత్రి ఎవరైనా కారణం లేకుండా కడుపునొప్పి, రెప్పల బరువు అంటే అజీర్ణమని వాము ఇచ్చి పడుకోబెట్టకండి.

పాము కరిచిందన్న అనుమానం వస్తే చాలు: కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రతో వదులుగా కట్టండి, ఉంగరాలు, మెట్టెలు, కడియాలు తీసేయండి, టైము రాసుకోండి, మనిషిని నడిపించకుండా మోసుకుపోండి. తాడు బిగించి కట్టడం, కోయడం, పీల్చడం, మంత్రం, పసరు ఏవీ వద్దు. 108కి ఫోన్ చేయండి. అడవి లోపల సిగ్నల్ మీద భరోసా పెట్టుకోకండి. సిగ్నల్ ఎక్కడ అందుతుందో పగలే చూసి పెట్టుకోండి. లక్నవరం వైపు ములుగు, పాకాల వైపు నర్సంపేట ప్రభుత్వ ఆసుపత్రులు దగ్గర, పెద్దది వరంగల్ ఎంజీఎం. అందుకే కారును రోడ్డు వైపు ముఖం పెట్టి నిలపండి, తాళం ఎక్కడుందో నలుగురికీ తెలియాలి.

తెల్లారి

ఆరు గంటలకు లేవండి. నీళ్ల మీద పొగమంచు పైకి లేస్తూ విడిపోయేది, వలస బాతులు తిండికి కదిలేది అప్పుడే. ఎండ పడ్డ అరగంటకు ఆ దృశ్యం ఉండదు. నూరు అంగల దూరంలో పడుకున్నవాళ్లు ఇప్పుడు నీటి అంచుకు నడిచి వెళ్లి, ఒక చోట కదలకుండా కూర్చోవాలి. ఈతకు మాత్రం దిగకండి. ఒండ్రు, నాచు, మునిగిన మొద్దులు పైకి కనిపించవు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ కట్టుకున్నాకే.

చాయ్ అయ్యాక ముందు పరుపులు, బట్టలు ఎండలో వేయండి. గుడారం జిప్పులన్నీ తెరిచి, పై పొర విప్పి కొమ్మ మీద కాకుండా కారు మీద ఆరేయండి, కొమ్మ మీది గోమార్లు (రక్తం పీల్చే చిన్న పురుగులు) బట్టకు ఎక్కుతాయి. పశువులు మేసిన గడ్డిలో కూర్చుని ఉంటే చీలమండలు, మోకాళ్ల వెనక, నడుము చుట్టూ గోమార్లు పట్టాయేమో ఒకరికొకరు చూసుకోండి. పట్టి ఉంటే చిన్న పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి, నూనె పోయడం, కాల్చడం పనికిరావు.

మేకులు లెక్కపెట్టండి, పన్నెండు దించితే పన్నెండు రావాలి. మట్టిలో మిగిలిన ఇనుప మేకు పశువు గిట్టలో దిగుతుంది. మంట వేసిన గుంటలో ప్లాస్టిక్, రేకు ముక్కలు, గుడ్డు పెంకులు ఉంటే ఏరి సంచిలో వేయండి. చెత్త సంచిని అక్కడి డబ్బాలో వదలకుండా ఇంటిదాకా తీసుకుపోండి, కోతులు ఆ డబ్బాను మధ్యాహ్నానికల్లా బోర్లిస్తాయి. చివరగా నలుగురూ వరుసగా నిలబడి, గుడారం వేసిన చోటు మీదుగా నేల చూస్తూ ఒకసారి నడవండి. అగ్గిపుల్ల, పొట్లం మూల, సీసా మూత అన్నీ అప్పుడే దొరుకుతాయి.

ఇంటికి చేరిన రోజే గుడారాన్ని డాబా మీద పూర్తిగా విప్పి, రెండు వైపులా ఎండబెట్టాకే మడవండి. చెరువు మంచు తడితో మడిచి అటక మీద పెడితే వారంలో బూజు పట్టి, లోపలి రబ్బరు పూత అంటుకుని ఊడిపోతుంది. కడ్డీల అతుకుల్లో చేరిన మట్టిని పొడిబట్టతో తుడవండి.